మోకాలు, నల్లకోటు

బస్తీ నుంచి వస్తుండగా బండి జారి మోకాలు విరిగింది. ఇక మెట్లూ, బండీ వద్దన్నాడు ప్లేటు వేసిన డాక్టరు. పాతికేళ్లుగా గడప గడపకూ తిరగడమే నా ఉద్యోగం.

లా పట్టా బీరువాలో ఉంది. ఈ వయసులో నల్లకోటేమిటని బంధువుల నవ్వు. 45 ఏళ్లు దాటినవారిని చేర్చుకోరాదన్న బార్ కౌన్సిల్ నిబంధనను సుప్రీంకోర్టు 1995లోనే కొట్టేసింది. 2009-10కి ముందు చదివాను గనుక అఖిల భారత బార్ పరీక్షా అక్కర్లేదు. ఎస్సీల నమోదు రుసుము 125 రూపాయలు మించరాదని 2024లో అదే కోర్టు చెప్పింది. బౌద్ధులమైనా 1990 సవరణతో ఆ హోదా మనకుంది. చాలామందికి ఈ సంగతి తెలియదు.

చిక్కల్లా ఒకటే. వకీలుగా ఉంటూ పూర్తికాలపు నెలజీతం ఉద్యోగం చేయకూడదు. అమ్మాయి చదువుకు ఇంకా రెండేళ్లు జీతం కావాలి.

మంచం మీదుండగానే పరంజా మీంచి పడిన ఓ మేస్త్రి చేతికర్రతో వచ్చాడు. "పైసా అడగనని వేలిముద్ర వేయించుకున్నారన్నా" అన్నాడు. పరిహార చట్టం ముందు అలాంటి కాగితం చెల్లదు. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు అడగాలి. అతనికి మిగిలింది మూడు నెలలే. దిండుకు ఆనుకునే దరఖాస్తు రాశాను.

రాజీనామా మాత్రం ఇంకా రాయలేదు. సోమవారం ఇద్దరం ఆటోలో కార్మిక శాఖ ఆఫీసుకు వెళుతున్నాం.