లేళ్ళ వనం పక్కన పరుగు పందెం

హైదరాబాదులో మియాపూర్ నుంచి బయలుదేరే మెట్రో రైలు ఎల్.బి.నగర్ దాకా వచ్చి ఆగిపోతుంది. అక్కడ దిగి విజయవాడ రోడ్డు పట్టుకుని తూర్పుగా పోతే, కాస్సేపటికే వనస్థలిపురం వస్తుంది. కాలనీలు, కూరగాయల అంగళ్ళు, ట్యూషన్లకు పోయే సైకిళ్ళు. ఎటు చూసినా ఇళ్ళే. అయితే ఆ ఇళ్ళ పక్కనే పొడుగాటి కంచె ఒకటి కనిపిస్తుంది. కంచె వెనక తుప్పలు, గడ్డి, బండరాళ్ళు. అదే మహావీర్ హరిణ వనస్థలి.

పూర్వం అది నిజాం ప్రభువులు వేటాడే అడవి. మహావీరుడు నిర్యాణం చెంది 2,500 సంవత్సరాలు అయిన సందర్భంలో, 1975లో దానికి ఆయన పేరు పెట్టి లేళ్ళకు విడిచిపెట్టారు. వేట అడవికి అహింసను బోధించిన మహనీయుడి పేరు పెట్టాలని ఎవరికి తోచిందో గాని, ఆ ఆలోచన చాలా బాగున్నది. 1994లో అది జాతీయ వనం అయింది. దాని విస్తీర్ణం 3,600 ఎకరాలకు పైమాటే.

ఆ వనానికి రాజు కృష్ణజింక. మగదానికి వీపు నల్లగా, పొట్ట తెల్లగా ఉంటుంది. తల మీద మెలికలు తిరిగిన కొమ్ములుంటాయి. చుక్కల దుప్పి కొమ్ములలాగా అవి ఏటా రాలిపోవు. (రాష్ట్రం విడిపోయినప్పుడు ఆంధ్రప్రదేశ్ కృష్ణజింకను తన జంతువుగా ఉంచుకున్నది, తెలంగాణ చుక్కల జింకను ఎన్నుకున్నది. కృష్ణజింకల వనం మాత్రం హైదరాబాదులోనే ఉండిపోయింది!) ప్రాణభయంతో పరిగెత్తితే కృష్ణజింక గంటకు 80 కిలోమీటర్ల వేగం అందుకోగలదు. కాని ఆ వేగం కొంచెం సేపే. మనిషికి అంత వేగం లేదు. అయినా మనిషికి ఒళ్ళంతా చెమట పడుతుంది. చెమట ఆరుతూ ఒంట్లోని వేడిని తీసుకుపోతుంది. అందుచేత మెల్లిగానైనా గంటల తరబడి పరిగెత్తగల జంతువులలో మనిషి ఒకడు.

ఇలా దూరం పరిగెత్తటంలోనే ఒక పందెం ఉన్నది. దాన్ని క్రాస్ కంట్రీ పరుగు అంటారు. చదును చేసిన మైదానంలో గీతల మధ్య పరిగెత్తటం కాదు. గడ్డిలో, మట్టిలో, మిట్టలెక్కి, పల్లాలు దిగి పోవాలి. దీన్ని పుట్టించింది బడిపిల్లలే. ఇంగ్లండులో ష్రూస్‌బరీ అనే ఊరి బడిలో 1830ల నాటికే పిల్లలు ఒక ఆట ఆడేవాళ్ళు. ఇద్దరు కుర్రవాళ్ళు నక్కలుగా, కాగితం ముక్కలు వెదజల్లుతూ ముందు పరిగెత్తేవాళ్ళు. మిగిలినవాళ్ళు వేటకుక్కలై, ఆ ముక్కల జాడ పట్టుకుని తరిమేవాళ్ళు. ఇక్కడ వేట అడవి లేళ్ళ వనమైనట్టే, అక్కడ వేట పరుగు పందెంగా మారిందన్నమాట.

సరే, ఈ పరుగులో ఏ ప్రాంతంవాళ్ళు గట్టివాళ్ళో తేల్చటం ఎట్లా? ఎవరు ఎన్ని నిమిషాల్లో పరిగెత్తారో చూస్తే సరిపోతుందని మీరనవచ్చు. అది కుదరదు. ఒక ఊళ్ళో దారి చదునుగా ఉంటుంది, మరో ఊళ్ళో గుట్ట ఉంటుంది, ఇంకో ఊళ్ళో ముందురోజు వాన పడి ఉంటుంది. గడియారం ఈ సంగతులేవీ చెప్పదు. అందుకని అందరినీ ఒకే దారిన, ఒకేసారి పరిగెత్తించి, ఎవరు ఎన్నోవాడుగా వచ్చారో చూస్తారు. జట్టులో మొదటి నలుగురి స్థానాలూ కూడతారు. తక్కువ మొత్తం వచ్చిన జట్టు గెలుస్తుంది.

ఎల్.బి.నగర్ జట్టూ, హయత్‌నగర్ జట్టూ ఇతర జట్లతో కలిసి పరిగెత్తాయనుకుందాం. ఎల్.బి.నగర్ పిల్లలు 1, 2, 15, 20 స్థానాల్లో వచ్చారు, మొత్తం 38. హయత్‌నగర్ పిల్లలు 5, 6, 7, 8 స్థానాల్లో వచ్చారు, మొత్తం 26. మొదటి బహుమతీ, రెండో బహుమతీ తెచ్చుకున్న ఎల్.బి.నగర్ హయత్‌నగర్ చేతిలో ఓడిపోయింది! ఈ లెక్క చాలా మంచిదని నా అభిప్రాయం. ఒక్క వీరుణ్ణి చూపించి మా ప్రాంతం గొప్పదనటానికి ఇందులో వీలులేదు.

ఈ లెక్క ప్రకారం ప్రపంచంలో ఆఫ్రికా దేశమైన కెన్యా సాధించినది ఆశ్చర్యకరమైనది. ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీలలో 1986 నుంచి 2003 దాకా వరసగా 18 ఏళ్ళు పురుషుల జట్టు బహుమతి కెన్యాదే. కెన్యాలో ఇటెన్ అనే ఊరు సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉన్నది. అంత ఎత్తున గాలి పలచగా ఉంటుంది. ఆ గాలి పీల్చి పెరిగినవాళ్ళ రక్తంలో ఆమ్లజనిని మోసే ఎర్ర కణాలు ఎక్కువగా తయారవుతాయి. పొరుగున ఉన్న ఇథియోపియాలో బెకోజీ ఇంకా ఎత్తున ఉన్న చిన్న ఊరు. జగద్విజేతలైన కెనెనిసా బెకెలే, తిరునేష్ దిబాబా ఆ ఊరివాళ్ళే. ఇద్దరికీ మొదట పరుగు నేర్పినవాడు ఊరి బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడు.

హైదరాబాదు ఎత్తు 500 మీటర్లకు కాస్త ఎక్కువ. మరి మన పని అయిపోయినట్టేనా? అట్లా అనుకోనవసరం లేదు. గుల్వీర్ సింగ్ ఉత్తరప్రదేశ్‌లో అలీగఢ్ ప్రాంతపువాడు. అది మనకన్న పల్లంగా ఉండే మైదానం. 2025లో ఆసియా పోటీలలో అతను 5,000 మీటర్లలోనూ 10,000 మీటర్లలోనూ స్వర్ణ పతకాలు తెచ్చాడు. అవినాశ్ సాబ్లే మహారాష్ట్రలో బీడ్ జిల్లా మాండ్వా గ్రామంవాడు. అది మన దక్కను పీఠభూమే, వానలు సరిగా పడని కరువు నేల. బడికి బస్సు లేక అతను చిన్నప్పుడు 6 కిలోమీటర్లు నడిచో, పరిగెత్తో పోయేవాడు. సైన్యంలో చేరాక 2015లో క్రాస్ కంట్రీ మొదలుపెట్టాడు. 2022లో బర్మింగ్‌హాంలో జరిగిన కామన్వెల్త్ క్రీడల్లో, 3,000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో రజతం గెలిచాడు. 1998 నుంచి ఆ పందెంలో మూడు పతకాలూ కెన్యావాళ్ళే పట్టుకుపోతూ ఉండేవాళ్ళు; ఆ ఆనవాయితీని మాండ్వా కుర్రవాడు తెంచాడు.

తెలుగు నేల మీద ఇటీవల వెలిగిన వాళ్ళు ఎక్కువగా తక్కువ దూరాలవాళ్ళు. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ 100 మీటర్ల హర్డిల్స్‌లో 2023లోనూ 2025లోనూ ఆసియా విజేత అయింది. వరంగల్ ప్రాంతంలోని కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి 2024 పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. కుర్రవాళ్ళ సాధన కూడా చాలావరకు ఉద్యోగాల చుట్టూ తిరుగుతుంది. పోలీసు ఉద్యోగానికి మగవాళ్ళు పరిగెత్తవలసినది 1,600 మీటర్లు. సాధన కూడా అక్కడికే ఆగుతుంది. ప్రపంచ క్రాస్ కంట్రీలో 20 ఏళ్ళ లోపు అబ్బాయిలకు 8 కిలోమీటర్లు, అమ్మాయిలకు 6 కిలోమీటర్లు. 1,600 మీటర్ల దగ్గర ఆగినవాడికి ఆ 8 కిలోమీటర్లలో ఇంకా అయిదింట నాలుగు వంతులు మిగిలే ఉంటాయి.

ఎండ సంగతి కూడా మరిచిపోరాదు. 1924లో పారిస్ ఒలింపిక్స్‌లో క్రాస్ కంట్రీ పందెం మండుటెండలో పెట్టారు. 38 మంది బయలుదేరితే గమ్యం చేరినవాళ్ళు 15 మంది! ఫిన్లాండ్ వీరుడు పావో నుర్మీ గెలిచాడు గాని, ఆ తరవాత ఒలింపిక్స్‌లో ఈ పందెం మళ్ళీ పెట్టలేదు. కనక మన ఊళ్ళల్లో దీనికి తగినది చలికాలపు ఉదయం. అప్పుడు వనస్థలిపురం గాలి చల్లగా, హాయిగా ఉంటుంది.

ఇక దారి కావాలి. లేళ్ళ వనంలోని నేల ఈ పందానికి అచ్చంగా సరిపోతుంది: మట్టి, మిట్ట, పల్లం, గడ్డి. కాని అక్కడ పందెం పెట్టకూడదు. వందమంది ఒక్కసారి పరిగెత్తుకు వస్తే లేళ్ళకు అది వేట అనే తోస్తుంది. మనకు కంచె ఇవతలే చాలు. బడి ఆటస్థలమూ, పార్కులోని మట్టి బాటా, ఇంకా ఇల్లు లేవని ఖాళీ జాగాలూ కలిపితే రెండు కిలోమీటర్ల చుట్టు దొరక్కపోదు. ఆ జాగాలు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నాయి. వచ్చే జనవరిలో మీ కాలనీ పిల్లలూ, పక్క కాలనీ పిల్లలూ నలుగురేసి చేరి, పెద్దవాళ్ళను ఒకరిని దారి కాయటానికి పెట్టుకుని పరిగెత్తి చూడండి. స్థానాలు రాసుకోవటానికి ఒక పలక చాలు. అందరికన్న ముందు వచ్చినవాడికి ఎలాగూ చప్పట్లు కొడతారు. మీరు మాత్రం నాలుగో పిల్లవాడు వచ్చేదాకా ఆగి కూడండి.