సున్నం తిన్న ఇంజన్

మా నల్గొండ జిల్లాలో ఏది చెడిపోయినా నేరం ఫ్లోరైడ్ మీదకే పోతుంది. పళ్ళు గారపట్టినా, నడుం వంగినా, చివరికి కారు ఇంజన్ పగిలినా సరే. మొదటి రెండింటి సంగతి నిజమే. మూడోది మాత్రం అన్యాయం. మా నాన్న కారు ఇంజన్ని ఇంటి ముందు వేపచెట్టు కింద విప్పి చూసాక ఈ మాట గట్టిగానే చెప్పగలను.

కారు 2005 మోడల్ మారుతి 800. మూడు సిలిండర్లు, 796 సీసీ, కింద బ్లాక్ పోత ఇనుము, పైన హెడ్ అల్యూమినియం. 1983లో మొదలైన ఈ బండి తయారీ 2014లో ఆగిపోయింది. మా ఊరు మర్రిగూడ మండలంలో. నాన్న రిటైరైన సైన్సు టీచర్. అమ్మ ఆ ఊరి బోరు నీళ్ళు ముప్పై ఏళ్ళు తాగిన మనిషి, నడుం వంగదు, మోకాళ్ళు ముడుచుకోవు. బస్సు మెట్లు ఎక్కలేదు. ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపితే ఈ కారులో మాత్రం కూర్చోగలదు. కాబట్టి కారు లేకపోతే అమ్మకి ఆసుపత్రి లేదు, అంతే.

రోజూ అర లీటరు నీళ్ళు మాయమవుతున్నాయని, సూది ఎర్రగీత దాకా పోతోందని నాన్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన బానెట్ ఎత్తి, పొగ చూసి, "సారూ, ఇంజన్ పలిగింది. బాగుచేస్తే కారు ఖరీదు కంటె ఎక్కువైతది. తూకానికి అమ్ముకోండ్రి, ఇరవై వేలు ఇప్పిస్త" అన్నాడట. మన భాషలో చెప్పాలంటే లాగ్ ఫైల్ తెరవకుండానే టికెట్ క్లోజ్ చేసాడన్నమాట :-)

నేను ఫోన్లో "పోనీ కొత్తది కొందాం నాయినా, ఈఎంఐ నేను కడతా" అన్నాను. "కొంటవ్ గని, ఇది ఎందుకు ఖరాబైందో తెల్వకుంటే రేపు అది గూడ గిట్లనే అయితది గద" అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు. రెండు రోజులు సెలవు పెట్టి, శని ఆదివారాలు కలుపుకుని ఊరెళ్ళాను.

పగులు అనేది చివర్లో తేలాల్సిన మాట. నీళ్ళు పోతున్నాయంటే నాలుగు దారులుంటాయి: బయట గొట్టాల్లో, వాటర్ పంపులో కారడం, హెడ్ గాస్కెట్ కాలిపోవడం, హెడ్ పగలడం, బ్లాక్ పగలడం. మొదటిదానికి వంద రూపాయలు చాలు. నాలుగోదైతే మెకానిక్ చెప్పిందే నిజం. బయట ఎక్కడా తడి లేదు. ఇంజనాయిల్ పాలు కలిపిన టీ రంగులో లేదు, అంటే నీళ్ళు ఆయిల్లోకి పోవట్లేదు. స్పార్క్ ప్లగ్గులు విప్పితే ఒకటి, మూడు గోధుమరంగులో ఉన్నాయి, రెండోది మాత్రం ఎవరో తోమిపెట్టినట్టు తళతళలాడుతోంది. అక్కడ రోజూ ఆవిరిస్నానం జరుగుతోందని అర్థం.

కంప్రెషన్ గేజ్ ఆన్‌లైన్లో తెప్పించి పెట్టుకున్నాను. రీడింగులు 12, 8, 12. గాస్కెట్ రెండు సిలిండర్ల మధ్య కాలితే పక్కపక్క రెండూ పడిపోవాలి. ఇక్కడ ఒక్కటే పడింది. రెండో దాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూసాను, పెరగలేదు. అంటే పిస్టన్ రింగులు బాగానే ఉన్నాయి. ఆ తర్వాతది నాకు బాగా నచ్చిన పరీక్ష. పాత ప్లగ్గులోని పింగాణీ పగలగొట్టి, దానికి టైరు వాల్వు అతికించి, రెండో సిలిండర్లో బిగించాను. వాల్వులు రెండూ మూసుకునేలా పిస్టన్ని పైకి తెచ్చి, పంక్చర్ షాపు కంప్రెసర్ అడిగి తెచ్చి గాలి పట్టించాను. సైలెన్సర్లో చప్పుడు లేదు, ఎయిర్ ఫిల్టర్ దగ్గరా లేదు. మూత తీసిన రేడియేటర్లో మాత్రం అన్నం ఎసరు మరిగినట్టు బుడగలు. గాలి సిలిండర్లోంచి నీళ్ళలోకి పోతోంది. ఇక విప్పక తప్పదు.

విప్పడం గురించి ఎక్కువ చెప్పను. హెడ్ బోల్టులు చల్లటి ఇంజన్ మీదే, చివర్ల నుంచి మధ్యకి కొంచెం కొంచెంగా వదులు చెయ్యాలి. లేకపోతే హెడ్ వంకర పోతుంది. విప్పిన ప్రతి బోల్టునీ అట్టముక్క మీద బొమ్మగీసి దాని చోట్లోనే గుచ్చాను.

గాస్కెట్ మీద కాలిన జాడ లేదు. పగుళ్ళు చూసే మందు మూడు డబ్బాల్లో వస్తుంది: ఒకటి శుభ్రం చెయ్యడానికి, ఒకటి ఎర్ర రంగు, ఒకటి తెల్లపొడి. ఎర్రరంగు కొట్టి పావుగంట ఆగి, తుడిచి, తెల్లది కొడితే పగులులో దాక్కున్న ఎరుపు పైకి తేలుతుంది. రెండో సిలిండర్లో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వుల మధ్య సన్నటి ఎర్రగీత లేచింది. నాన్న కళ్ళద్దాలు సర్దుకుని "మ్యాపుల మూసీ లెక్కున్నది" అన్నాడు. బ్లాక్ మీద కూడా అదే మందు కొట్టాను. ఏ గీతా రాలేదు. ఆ పది నిమిషాలు మాత్రం ప్రొడక్షన్ రిలీజ్ కంటే ఎక్కువ టెన్షన్.

సరే, పగిలింది. ఎందుకు? హెడ్లో నీళ్ళు తిరిగే దారుల్లో రూపాయి బిళ్ళ మందాన తెల్లటి పెచ్చు. నాన్న ఇంట్లోంచి నిమ్మకాయ తెచ్చి పిండాడు. బుసబుసా పొంగింది. కార్బొనేట్, అంటే సున్నం. చక్కెర వేడినీళ్ళలో ఎక్కువ కరుగుతుంది, కాల్షియం కార్బొనేట్ తక్కువ కరుగుతుంది. అందుకని ఇంజన్లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటే, అంటే ఆ వాల్వుల మధ్యనే, వెతుక్కుని పేరుకుంటుంది. ఆవిరయ్యేవి నీళ్ళు, సున్నం కాదు. అందుకే తగ్గినప్పుడల్లా బోరు నీళ్ళు పోసిన కొద్దీ లోపల చిక్కబడుతుంది. పెచ్చుకి వేడి దాటదు, లోహం నీళ్ళకి దూరమైపోతుంది. పైగా అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కింద ఇనుము, పక్కన బోల్టులు కదలనివ్వవు. ఎక్కడో చోట తెగాలి.

ఫ్లోరైడ్‌కి ఇందులో పాత్ర లేదు. మా గ్రానైట్ రాళ్ళ నుంచి అది నీళ్ళలోకి దిగుతుంది నిజమే. 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు తాగొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పటిక, సున్నం వేసి దాన్ని తీసే పద్ధతికి నీరి సంస్థ మా జిల్లా పేరే పెట్టింది. కానీ నీళ్ళలో కాల్షియం ఎక్కువున్నచోట ఫ్లోరైడ్ దానితో కలిసి విడిపోతుంది కాబట్టి, మామూలుగా ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. అమ్మ తాగిన పాత బోరు వేరు, వాకిట్లో గొట్టం ఉన్న కొత్త బోరు వేరు. 2016లో మొదలైన మిషన్ భగీరథ పుణ్యమా అని తాగడానికి కృష్ణా నీళ్ళొచ్చాయి. కారుకి మాత్రం గొట్టం అందిన నీళ్ళే పోసారు. అమ్మకి ఇది చెప్తే "ఏ నీళ్ళయితే ఏంది, నన్నయితే ఎవరు విప్పి చూస్తరు" అని నవ్వి లోపలికెళ్ళింది. నాన్నా నేనూ కాసేపు పానాలు తుడుచుకుంటూ కూర్చున్నాం.

పగులు మూసే సీసా మందు పొయ్యమని కొందరు చెప్పారు. వాటిలో చాలావాటిలో ఉండేది సోడియం సిలికేట్. వేడి తగిలిన చోట గాజులా గట్టిపడుతుంది. 2009లో అమెరికాలో పాత కార్లు వెనక్కి తీసుకునే పథకంలో ఇంజన్లు మళ్ళీ పనికిరాకుండా చంపడానికి ఆయిల్ బదులు పోయించింది కూడా ఇదే. నాకెందుకో ధైర్యం చాలలేదు.

అల్యూమినియం వెల్డింగ్ ఇంట్లో చేసే పని కాదు. హెడ్‌ని గోనెసంచిలో చుట్టి బస్సులో వనస్థలిపురం దగ్గరున్న ఆటోనగర్ తీసుకెళ్ళాను. పగులుని గాడిలా తొలిచి, హెడ్ మొత్తం వేడిచేసి, ఆర్గాన్ వెల్డింగ్ పెట్టి, సీట్లు కోసి, అడుగు చదును చేసి, గాలి నింపి నీళ్ళలో ముంచి చూపించాడు ఆ లేత్ మిషన్ పెద్దాయన. అన్నీ కలిపి తూకానికి వచ్చే డబ్బులో సగం కూడా కాలేదు. ఇంటి దగ్గర నిమ్మ ఉప్పు నీళ్ళతో బ్లాక్, రేడియేటర్ కడిగి, కొత్త గాస్కెట్, టైమింగ్ బెల్టు, థర్మోస్టాట్ వేసి, మధ్య నుంచి చివర్లకి మూడు దఫాలుగా టార్క్ రెంచ్‌తో బిగించాను. రెండో సిలిండర్ ఇప్పుడు 12.

మూడు నెలలైంది. కూలెంట్ డబ్బా మీద నాన్న స్కెచ్ పెన్నుతో గీత గీసి, ప్రతి ఆదివారం తేదీ వేసి పుస్తకంలో రాస్తున్నాడు. బ్యాటరీ షాపు నుంచి డిస్టిల్డ్ వాటర్ క్యాన్ తెచ్చి వాకిట్లో గొట్టానికి దూరంగా దాచాడు. పోయిన నెల అమ్మని హైదరాబాదు ఆసుపత్రికి అదే కారులో తెచ్చి తీసుకెళ్ళాడు, సూది సగం దాటలేదట. క్రాంక్ ఆయిల్ సీల్ దగ్గర మాత్రం చుక్క చుక్క కారుతోందంటున్నాడు. అది దసరాకి వెళ్ళినప్పుడు చూడాలి.