పాటు వేళకు పరుగు

అండమాన్‌లో గడియారం విశాఖదే గానీ పొద్దు వేరు. దేశమంతటికీ ఒకే సమయం, ఈ దీవులేమో బాగా తూర్పున ఉన్నాయి. అందుకే సెప్టెంబరు చివర ఉదయం ఐదు దాటగానే తెల్లారిపోతుంది, సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడుతుంది. దసరా సెలవులకు అత్తయ్య, పిల్లలతో సహా ఇంటిల్లిపాదీ బయల్దేరినప్పుడు నాకు ధైర్యమిచ్చింది ఈ లెక్కే. ఏడాది చివర్లో విశాఖలో నేవీ మారథాన్ ఉంది, సాధన ఆపలేను. పిల్లల సముద్రస్నానాల వేళలోంచి గంటలు లాక్కోవడమూ నాకిష్టం లేదు. ఇక్కడ వాళ్లు లేచేసరికి నా పరుగు అయిపోతుంది.

స్వరాజ్ ద్వీప్‌లో దిగాం. 2018 దాకా దీని పేరు హేవ్‌లాక్. మా బస తూర్పు తీరాన విజయనగర్‌లో. పాటు వేళ అక్కడ సముద్రం చాలా దూరం వెనక్కి తీసి, పగడపు రాళ్లు బయటపడతాయి. చూడ్డానికి అద్భుతం, పరుగుకు పనికిరాదు. పరుగంటే పడమటి తీరాన ఉన్న రాధానగరే. తెల్లని సన్న ఇసుక, వెనకాలే నిటారుగా అడవి. మావారు స్కూటర్ మీద చీకటితోనే దింపేవారు.

పొడి ఇసుకలో పరుగెత్తడానికి గట్టినేల మీదకంటే 1.6 రెట్లు శక్తి కావాలని పరిశోధకులు కొలిచి చెప్పారు. అడుగు వేసిన ప్రతిసారీ ఇసుక జారి మన బలాన్ని మింగేస్తుంది. నీరు అప్పుడే తీసిన తడి ఇసుక అలా కాదు, పాదాన్ని నిలబెడుతుంది. పాటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి నా సాధన పట్టికను చంద్రుడి చేతిలో పెట్టేశాను. పాటూ పొద్దుపొడుపూ కలిసొచ్చిన ఉదయాల్లో వేగం పరుగులు, మిగతావి రోడ్డు మీద. తీరం నీటివైపు వాలి ఉంటుంది. ఒకే దిక్కుకు పరుగెడితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది, మోకాలి పక్కన నొప్పి పట్టుకుంటుంది. అందుకే వెళ్లినంత దూరమూ ఇసుక మీదే వెనక్కి వచ్చేదాన్ని. బూట్లు విప్పేది చివరి కొద్ది నిమిషాలే. వట్టికాళ్ల పరుగు పిక్కలకు పెద్ద పరీక్ష.

వారానికోసారి చేసే పెద్ద పరుగుకు కుటుంబమే తోడైంది. జెట్టీ నుంచి రాధానగర్‌కు పన్నెండు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. దారిపొడవునా పోకతోటలు, వరిచేలు, తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల ఇళ్లు, మధ్యలో ఊపిరాడనివ్వని ఎత్తులు. నేను ముందు బయల్దేరాను. మావాళ్లు తీరిగ్గా తయారై, నా పొడిబట్టలూ టిఫినూ పట్టుకుని జీపులో వచ్చారు. నన్ను దాటుతూ పిల్లలు పెట్టిన కేకలకు ఆఖరి ఎత్తు ఇట్టే ఎక్కేశాను. ఆ తర్వాత పగలంతా వాళ్లదే.

ఉక్క సంగతి వేరే చెప్పాలి. గాలిలో ఇంత తేమ ఉంటే చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. కండరాలకూ చర్మానికీ రక్తాన్ని పంచలేక గుండె పరుగును మించి కొట్టుకుంటుంది. వాచీలో వేగం చూస్తూ కూర్చుంటే ఇక్కడ దెబ్బతింటాం. మాట్లాడగలిగేంత ఊపిరి మిగులుతోందా, అదే కొలత. ఒకటి రెండు వారాలు ఇలా చేస్తే రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట ముందుగా పడుతుంది, అదే వేగానికి గుండె నెమ్మదిస్తుంది. ఉక్కలో చేసిన నెమ్మది పరుగును తక్కువ చేసి చూడటం నాకు నచ్చదు.

తిరుగు ప్రయాణంలో పోర్ట్ బ్లెయిర్. 2024 నుంచి అది శ్రీ విజయపురం. కార్బిన్స్ కోవ్‌కు వెళ్లే సముద్రపు రోడ్డు మీద 1942-45 నాటి జపాను సైనికుల బంకర్లు ఇంకా ఉన్నాయి, వాటి పక్కనుంచే పరుగెత్తాను. 2019లో జూనియర్ ప్రపంచ సైక్లింగ్ పోటీల్లో భారత జట్టుకు స్వర్ణం తెచ్చినవాళ్లలో ఒకడైన ఈసో ఆల్బెన్ ఈ దీవుల కుర్రాడే. ఈ ఎత్తుపల్లాలు కాళ్లకు ఎంత చేస్తాయో ఆ రోడ్డెక్కాక అర్థమైంది.

కొబ్బరినీళ్లలో పొటాషియం దండిగా ఉన్నా, చెమటలో పోయేంత ఉప్పు ఉండదు. అదే ఊళ్లోని జంగ్లీఘాట్‌లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినావిడ చోడంబలి అమ్ముతోంది. నా తడిసిన బట్టలు చూసి, "ఉప్పు ఇంకాస్త ఎయ్యమంటావేటమ్మా?" అంది. వెయ్యమన్నాను. అత్తయ్య తనకూ ఓ గ్లాసు పొయ్యమంది.