నీలి కుర్చీ ఉన్న మైదానం

అమెరికా పడమటి తీరాన లాస్ ఏంజెలిస్ అనే మహానగరం ఉన్నది. నగరపు నడిబొడ్డుకు కాస్త ఉత్తరంగా, గుట్టల నడుమ, పెద్ద ఆటస్థలం ఒకటి ఉన్నది. దాని పేరు డాడ్జర్ స్టేడియం. మామూలు స్టేడియంలో కింద ప్రవేశించి మెట్లెక్కి పైకి పోతాం గదా! ఇక్కడ అలా కాదు. గుట్టను తొలిచి, వాలు వెంట అంతస్తులుగా కుర్చీలు వేశారు. కార్లు నిలిపే స్థలాలు కూడా అంతస్తుల వారీగానే ఉన్నాయి. పై వరుసలో కూర్చునేవాడు గుట్ట పైనుంచే లోపలికి వస్తాడు. రాగానే కింద పచ్చని గడ్డి, ఎర్రని మట్టి, ఎదురుగా దూరాన శాన్ గేబ్రియల్ పర్వతాలు కనిపిస్తాయి. 1962లో తెరిచిన ఈ మైదానంలో 56,000 మంది కూర్చోవచ్చు.

2024లో నేను మా అమ్మాయి ఇంట కొన్ని నెలలు ఉన్నాను. మా మనవడు నన్ను అక్కడికి తీసుకుపోయాడు. వాడికి డాడ్జర్స్ జట్టంటే ప్రాణం. బేస్‌బాల్ ఆటకు ఓనమాలు నాకు వాడే దిద్దించాడు. ముప్ఫై అయిదేళ్ళు పాఠాలు చెప్పినవాడికి పన్నెండేళ్ళ గురువు దొరికాడన్నమాట!

పిల్లలూ, బేస్‌బాల్ మన క్రికెట్టుకు దూరపు చుట్టం. బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. అతడు మైదానం మధ్య చిన్న మట్టిదిబ్బ మీద నిలబడి, పద్దెనిమిదిన్నర మీటర్ల దూరాన ఉన్న బ్యాటుదారుకు బంతి నేల తాకకుండా విసురుతాడు. ఆ బంతి గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. దాన్ని కొట్టినవాడు నాలుగు మూలలా ఉన్న బేసులను వరుసగా తాకి, బయలుదేరిన చోటికి చేరితే ఒక పరుగు. బంతి గోడ దాటి జనంలో పడితే అది హోమ్ రన్. అప్పుడు తీరికగా నడిచి వచ్చినా పరుగే. ముగ్గురు ఔటయితే అవతలి జట్టు బ్యాటు పడుతుంది. అలా తొమ్మిది వంతులు.

మార్చి చివర మొదలై సెప్టెంబరు చివరి దాకా ఒక్కొక్క జట్టు 162 ఆటలు ఆడాలి. అంటే దాదాపు రోజూ ఆటే. ఇక ఆటగాళ్ళ మోచేతులు, భుజాలు ఏమవుతాయో మీరే ఊహించుకోండి!

మోచేతి మాట వచ్చింది గనుక ఈ మైదానంలోనే జరిగిన ఒక సంగతి చెప్పాలి. 1974 జూలై 17న డాడ్జర్స్ పిచర్ టామీ జాన్ ఇక్కడ బంతి విసురుతుండగా ఎడమ మోచేతిలో ఏదో తెగినట్లయింది. మోచేతి దగ్గర ఎముకను ఎముకతో కట్టివుంచే గట్టి నారవంటి పట్టీ ఉంటుంది. దాన్ని సంధిబంధనం అంటారు. అదే తెగిపోయింది. అంతవరకు ఆ దెబ్బ తగిలిన పిచర్ ఇంటికి పోవలసిందే. కాని జట్టు వైద్యుడు ఫ్రాంక్ జోబ్ ఒక ఉపాయం చేశాడు. కుడి ముంజేతి నుంచి స్నాయుబంధనం ఒకటి తీసి, ఎడమ మోచేతి ఎముకలకు రంధ్రాలు చేసి, తాడు దూర్చినట్టు దూర్చి కట్టాడు. మళ్ళీ ఆడగలిగే అవకాశం నూటికి ఒకటే అని ముందే చెప్పాడు. టామీ జాన్ 1975 అంతా ఆడలేదు. 1976లో వచ్చాడు. ఆ తరువాత మరి 164 ఆటలు గెలిచాడు! ఈనాటికీ ఆ శస్త్రచికిత్సను టామీ జాన్ పేరుతోనే పిలుస్తారు.

ఆ స్నాయుబంధనాన్ని మీరూ చూడవచ్చు. బొటనవేలును చిటికెనవేలుకు తాకించి మణికట్టును లోపలికి వంచండి. మధ్యలో తాడులాగా లేస్తుంది. కొందరికి అది పుట్టుకతోనే ఉండదు. ఉండకపోయినా చేతి పనికి లోటు లేదు. అందుకే వైద్యులు దాన్ని ఎరువు తీసుకుంటారు.

ఇక 2024 సంగతి. ఆ యేడు డాడ్జర్స్‌కు దెబ్బ మీద దెబ్బ. జపాను నుంచి వచ్చిన మేటి ఆటగాడు షోహెయ్ ఓటాని మోచేతికి అంతకు ముందు సెప్టెంబరులోనే శస్త్రచికిత్స అయింది. అందుచేత ఏడాదంతా బంతి విసరకుండా బ్యాటు మాత్రమే పట్టాడు. జూన్‌లో ముకీ బెట్స్ ఎడమచేతికి బంతి తగిలి ఎముక విరిగింది. యమమోటో భుజం నొప్పితో మూడు నెలలు కూర్చున్నాడు. గ్లాస్నో మోచెయ్యి, స్టోన్ భుజం, కెర్షా కాలి బొటనవేలు! డస్టిన్ మే అనే పిచర్‌కు పచ్చికూర తింటుండగా ఆకుముక్క అడ్డుపడి అన్నవాహిక చిరిగింది. ప్రాణం దక్కడమే గొప్పయింది.

నేను పనిచేసిన బడిలో కబడ్డీ జట్టు నాయకుడికి కాలు బెణికితే చాలు, "ఇంకేం ఆడతాం మాస్టారూ!" అని తక్కిన పిల్లలు డీలాపడేవారు. ఇక్కడ సగం జట్టే మంచం పట్టినది. అయినా 162 ఆటలలో 98 గెలిచి, ఆ యేడు అన్ని జట్లకంటె ముందు నిలిచింది. ఇది బాగా ధనమున్న జట్టు అన్న మాట దాచకూడదు. గొప్పవాళ్ళను కోట్లు పోసి తెచ్చుకోగలదు. కాని విరిగిన ఎముకను డబ్బు తొందరపెట్టలేదు గదా.

పెద్ద పోటీలు మొదలయ్యే వేళకు, ఆట మొదటినుంచీ చాలాసేపు విసరగల పిచర్లు ముగ్గురే మిగిలారు. శాన్ డియేగో జట్టు రెండు ఆటలు గెలిచి, ఇంకొక్కటి గెలిస్తే చాలుననే స్థితిలో ఉన్నది. అక్టోబరు 9న వాళ్ళ ఊళ్ళోనే ఆట. ఆనాడు డాడ్జర్స్ ఎనిమిదిమంది పిచర్లను ఒకరి తరువాత ఒకరిని దింపారు. పల్లకీ బోయీలు భుజం మార్చుకున్నట్టు తలా కాసేపు విసిరారు. ఎదుటివారికి ఒక్క పరుగూ దక్కలేదు. ఎనిమిది పరుగులతో గెలిచారు. తరువాత ఎన్ని గొప్ప ఆటలు చూసినా, నాకు మాత్రం ఆ ఎనిమిదిమందే ఎక్కువ నచ్చారు. వాళ్ళలో సగంమంది పేర్లు మా మనవడికి కూడా తడుముకోనిదే రావు.

మైదానంలో కుడివైపు గోడ వెనక కుర్చీలలో ఒకదానికి మాత్రం నీలిరంగు వేసి ఉంటుంది. మావాడు నన్ను ముందుగా దాని దగ్గరికే లాక్కుపోయాడు. 1988 అక్టోబరు 15న, వరల్డ్ సిరీస్ మొదటి ఆటలో, రెండు కాళ్ళకూ దెబ్బలు తగిలి నడవలేక ఉన్న కర్క్ గిబ్సన్ చివరి క్షణాన బ్యాటు పట్టి కొట్టిన బంతి అక్కడ పడింది. కుంటుకుంటూనే బేసులన్నీ తిరిగాడు. డాడ్జర్స్ ఒక్క పరుగు తేడాతో గెలిచారు.

2024 అక్టోబరు 25న మళ్ళీ వరల్డ్ సిరీస్ మొదటి ఆట అక్కడే జరిగింది. ఎదుట న్యూయార్క్ యాంకీలు. మేము ఇంట్లో టెలివిజను ముందు కూర్చున్నాం. పదో వంతులో యాంకీలు ఒక పరుగు ముందున్నారు. డాడ్జర్స్‌లో ఇంకొక్కడు ఔటయితే ఆట సరి. మూడు బేసుల మీదా మనుషులున్నారు. బ్యాటు పట్టినవాడు ఫ్రెడీ ఫ్రీమన్. అంతకు నెలరోజుల కిందటే అతని చీలమండ బెణికింది. ఆ వేసవిలో అతని పసికొడుక్కు నరాల జబ్బు చేసి ఆసుపత్రిలో ఉంటే కొన్నాళ్ళు ఆట మాని బిడ్డ దగ్గరే ఉన్నాడు కూడా.

"తాతయ్యా, కుంటివాడు ఎలా పరిగెత్తుతాడు?" అన్నాడు మావాడు గోళ్ళు కొరుకుతూ.

"గోడ దాటిస్తే పరిగెత్తనక్కరలేదు గదరా!" అన్నాను.

మొదటి బంతికే దాటించాడు! అది కూడా కుడివైపు గోడ మీదుగానే పోయింది. ఒక్క దెబ్బకు నాలుగు పరుగులు. వరల్డ్ సిరీస్ చరిత్రలో అలాంటి దెబ్బతో ఆట ముగియడం అదే మొదటిసారి. ఫ్రీమన్ బేసులు తిరిగివచ్చి నేరుగా వల వెనక నిలబడిన తండ్రి దగ్గరికి పోయి చేతులు పట్టుకున్నాడు. చిన్నతనాన అతనికి బంతులు విసిరి ఆట నేర్పినవాడు ఆ తండ్రే.

మరునాటి ఆటలో ఓటాని భుజం పట్టు తప్పింది. అయినా ఆడుతూనే ఉన్నాడు. అక్టోబరు 30న న్యూయార్కులో అయిదు పరుగులు వెనకబడి కూడా డాడ్జర్స్ 7-6తో గెలిచి సిరీస్ దక్కించుకున్నారు. చివరి వంతు విసిరినవాడు వాకర్ బ్యూలర్. అతనికి రెండుసార్లు టామీ జాన్ చికిత్స అయింది. ఆ యేడు 162 ఆటలలో అతని ఖాతాలో పడినవి ఒక్క గెలుపు, ఆరు ఓటములు!

నవంబరు 1న నగరంలో ఊరేగింపు జరిగింది. వీధులన్నీ నీలిరంగు చొక్కాలు. తరువాత ఓటాని భుజానికి, ఫ్రీమన్ చీలమండకు శస్త్రచికిత్సలు జరిగాయి. 2025లో ఈ జట్టు మళ్ళీ వరల్డ్ సిరీస్ గెలిచింది. అంతకుముందే, జూన్ 16న, ఓటాని డాడ్జర్స్ తరఫున మొదటిసారి బంతి విసరడానికి దిగాడు. అర్ధశతాబ్దం కిందట టామీ జాన్ మోచెయ్యి పట్టుకుని దిగిపోయిన మట్టిదిబ్బ మీదికే ఎక్కాడు.