చల్లారిన పిజ్జా

బెల్లంపల్లిలో మనవడు తొలి జీతంతో తాతను పిజ్జా తినడానికి తీసుకెళ్లాడు. సింగరేణిలో 30 ఏళ్లు బాయి దిగిన మనిషాయన. బల్లమీదికి వచ్చేసరికే పిజ్జా చల్లారి, తోలులా సాగింది. మరో నెలా అంతే.

‘‘మంచిగనే ఉంది బిడ్డా’’ అన్నాడు తాత, నీళ్లు తాగుతూ.

పిజ్జాకు పేరుమోసిన ఇటలీలోని నేపుల్స్‌లో దాన్ని కట్టెల పొయ్యిలో 60 నుంచి 90 సెకన్లలో కాల్చి, పొగలు కక్కుతుండగానే వడ్డిస్తారు. ఆ పనితనాన్ని 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇంటికొచ్చాక నాయనమ్మ సర్వపిండి పెట్టింది. వేళ్లు కాలుతున్నా ఊదుకుంటూ తిన్నాడు తాత.

‘‘బాయిల ఎన్నడూ సల్లటి సద్దే. పైసలిచ్చి గూడ సల్లదే తినాల్నారా?’’

మనవడు మాట్లాడలేదు. పొయ్యి దగ్గరికి పీట జరుపుకొన్నాడు.