కుప్ర కొండలలో ఒక అయ్యగారి కుటుంబము

కుప్ర అనగానే మన చదువరులకు బర్నబా జ్ఞాపకం వస్తాడు. పొలము అమ్మి, ఆ వెల తెచ్చి అపొస్తలుల పాదములయొద్ద పెట్టినవాడు ఈ ద్వీపమువాడే. ఆయన పౌలుతో కలసి సువార్త చెప్పిన పాఫును చూసి, మేము ట్రూడోస్ కొండలు ఎక్కాము.

పెదూలాస్ చెర్రీ తోటల గ్రామము. అక్కడి మిఖాయేలు ఆలయము చాలా చిన్నది. మంచు జారిపోవడానికి పెంకుల కప్పును బాగా ఏటవాలుగా దించారు. బయటినుండి చూస్తే ధాన్యపు కొట్టమే అనుకుంటాము. లోపల గోడలనిండా చిత్రములు! మన సంఘములలో ఆ అలవాటు లేదు గనుక మాలో కొందరు గుమ్మములోనే తటపటాయించారు.

మమ్మును నిలిపివేసినది పరిశుద్ధుల చిత్రము కాదు, ఒక కుటుంబము. బాసిల్ అనే గ్రామ పాదిరి ఈ గుడిని చిన్న బొమ్మగా చేతులలో పట్టుకొని ప్రధానదూతకు సమర్పిస్తున్నాడు. వెనుక భార్య, ఇద్దరు కుమార్తెలు. సంవత్సరము 1474. కాన్‌స్టాంటినోపుల్ తురుష్కుల వశమై అప్పటికే 21 ఏండ్లు. కుప్ర కూడా స్వజనుల ఏలుబడిలో లేదు, ఫ్రెంచి రాజవంశము చేతిలో ఉంది. అటువంటి రోజులలో ఆయన తన ఖర్చుతో గుడి కట్టించి, మీనాస్ అనే చిత్రకారునిచేత గోడలు వ్రాయించాడు.

తన రూపమే గోడమీద వ్రాయించుకొనడమేమిటని మాకు మొదట నచ్చలేదు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియవద్దని కదా ప్రభువు చెప్పినది. కాని మా సంఘములో శిలాఫలకముపై ఎవరి పేరు ముందుండాలని రెండు కుటుంబములు ఏడాదిపాటు ఆరాధనకు రాలేదు. ఫ్యాను రెక్కలమీద పేర్లు వ్రాయించే మేము ఆయనను ఏమనగలము? పైగా ఆ కాలపు ఇట్టి వ్రాతలలో చదివేవారిని తమకొరకు ప్రార్థించమని దాతలు తరచుగా కోరేవారు.

ధనికులే ఇచ్చారనుకోవద్దు. గ్రీసులోని మాని ప్రాంతమున, పోలెమితాస్‌లో 1278 నాటి గోడవ్రాత ఉంది. ఊరివారు ఇచ్చిన చిన్న పొలపుముక్కలు, ఒలీవ చెట్లు సైతం పేరుపేరున అందులో లెక్కకు ఎక్కాయి.

మాతో వచ్చిన అమ్మగారు, ఒక పాస్టరుగారి భార్య, ఆ ఇద్దరు ఆడపిల్లలవైపే చాలాసేపు చూశారు. మందిరము పనికి ఇంట్లోది ఊడ్చిపెట్టిన సంవత్సరములు ఆమెకు తెలుసు.

"గుడి కట్టిన ఏడు ఈ పిల్లలకు కొత్తబట్టలు కొన్నారో లేదో," అన్నారు మెల్లగా.