వెనక ఇరుసు చప్పుడు

ఈ వారం ఒక బండి చప్పుడు గురించి రాస్తున్నాను. అందులో నా తప్పు కూడా ఉంది గనుక దాచకుండా చెబుతాను.

మా సంఘంలో ఒక తమ్ముడికి డీసీఎం ఉంది. (మా వైపు మధ్యరకం లారీ ఏ కంపెనీదైనా డీసీఎమ్మే. 1980లలో డీసీఎం టయోటా అనే కంపెనీ చిన్న లారీలు చేసేది. కంపెనీ పోయింది, పేరు ఊళ్లలో ఉండిపోయింది.) వారానికి నాలుగు రోజులు కూరగాయలు వేసుకుని తెల్లారకముందే పట్నం చేరతాడు. కిస్తీలు ఇంకా పదకొండు కట్టాలి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చాడు.

"అయ్యగారూ, బండి ఎనకనుంచి గుయ్‌మని సప్పుడొస్తుంది. నలభై స్పీడు దాటంగనే మొదలైతది. జర ప్రార్థన చెయ్యున్రి."

చేశాను. బండి మీద చెయ్యి ఉంచి మరీ చేశాను. చేసి ఊరుకోకుండా, "ఏం కాదు తమ్ముడూ, నడుపుకో" అన్నాను. ఆ రెండో మాట అతను నన్ను అడగలేదు.

మూడు వారాలు నడుపుకున్నాడు. ఈలోగా కూటాలకు ఆడవాళ్లనూ పిల్లలనూ కలిపి ఇరవై మందిని తీసుకెళ్లడానికి అదే బండిని నేనే మాట్లాడాను. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదని తెలుసు. ఊళ్లలో అందరూ చేసేదేగా అని సరిపెట్టుకున్నాను. శుక్రవారం ప్రయాణం. సోమవారం అతని ఫోను. చప్పుడు పెరిగిందట. నాచారం వైపు ఒక షెడ్డులో చూపిస్తే క్రౌన్ పినియన్ పోయింది, నలభై ఐదు వేలవుతుంది అన్నారట. చెబుతుంటే గొంతు ఆగిపోయింది. మర్నాడు తెల్లవారుజామున నేనూ బండెక్కాను.

క్రౌన్ పినియన్ అంటే ఇంజన్ వైపునుంచి వచ్చే పొడవాటి షాఫ్ట్ తిరుగుడును అడ్డంగా మళ్లించి చక్రాలకు పంపే పళ్ల జత. వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బి కనిపించే హౌసింగ్‌లో ఉంటుంది. అది పోతే ఖర్చు నిజంగానే ఎక్కువ. అయితే ఆ షెడ్డులో బండిని ఎవరూ నడిపి చూడలేదట. నాలుగు మాటలు విని చెప్పేశారు. నాకు కోపం వచ్చింది గానీ ఎక్కువసేపు నిలవలేదు. నేను మాత్రం చేసింది ఏమిటి?

హబ్సిగూడలో ఒక సందులో ముసలి మిస్త్రీ ఉన్నాడని ఎవరో చెప్పారు. అందరూ చాచా అంటారు. మేం చెప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, ముందు వెనక టైర్ల మీద అరచెయ్యి రాస్తూ పోయాడు. టైరు మెట్లు మెట్లుగా అరిగినా ఇలాగే మూలుగుతుందట. అరుగుదల సమంగానే ఉంది. అప్పుడు బండెక్కి, "ఉప్పల్ దిక్కు పోనీ" అన్నాడు.

మెట్రో స్తంభాల పక్కనుంచి ఉత్త బండి పోతోంది. నలభై ఐదు దాటగానే గుయ్‌మంది. "ఆక్సిలేటర్ ఇడువు" అన్నాడు. విడిచాడు. చప్పుడు మారలేదు. "మళ్ల తొక్కు." మారలేదు. న్యూట్రల్ చేయించాడు. అదే చప్పుడు.

"క్రౌన్ అయితే తొక్కినప్పుడు ఒక తీరు, ఇడిసినప్పుడు ఒక తీరు ఏడుస్తది. ఇది బండి ఉరుకుడునిబట్టి వస్తుంది, బరువునిబట్టి కాదు" అన్నాడు చాచా. గేరు వేసి క్లచ్ వదిలినప్పుడు టక్కుమంటే షాఫ్ట్ జాయింట్ల క్రాస్ చూడాలట. మలుపులో మాత్రమే గరగరలాడితే హౌసింగ్ లోపలి చిన్న పళ్లు. మాకు ఆ రెండూ లేవు.

తర్వాత ఖాళీ రోడ్డు చూసి స్టీరింగును కొంచెం కుడికి, కొంచెం ఎడమకు ఆడించమన్నాడు. కుడికి తిప్పినప్పుడు బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. చప్పుడు అప్పుడే లేచింది. ఎడమకు తిప్పితే తగ్గింది.

"ఎడమ చక్రం బేరింగ్."

"నాకు కుడిదిక్కు ఇనొస్తుంది గద చాచా?"

"చాసిస్ ఇనుము. సప్పుడు యాడికంటే ఆడికి పోతది."

అప్పుడే ఎన్‌జీఆర్‌ఐ దాటుతున్నాం. 1961లో పెట్టిన సంస్థ, భూమి లోపలి కదలికల మీద పరిశోధన అక్కడి పని. భూకంపం ఎక్కడ పుట్టిందో తేల్చాలంటే మామూలుగా కనీసం మూడు చోట్ల యంత్రాలు వినాలని ఎప్పుడో చదివాను. మా తమ్ముడికి ఉన్నది ఒకే చోటు, డ్రైవరు సీటు.

సందులోకి తిరిగి రాగానే చాచా రెండు వెనక హబ్బులకూ చేతి వెనకవైపు ఆనించాడు. ఎడమది కాలుతోంది. బ్రేకు పట్టేసినా వేడెక్కుతుందని జాకీ పెట్టి చక్రం తిప్పాడు. పట్టేయలేదు, తిరిగింది. కానీ పైనా కిందా పట్టుకుని ఊపితే కటకట ఆడింది. బోల్టులు విప్పి ఇరుసు రాడ్డు లాగితే గేరు ఆయిల్ కారింది. ఆయిల్ సీల్ ఎప్పుడో పోయి, ఆయిల్ గ్రీజులో కలిసి నల్లటి రసంలా ఉంది. బేరింగ్ రోలర్ల మీద గుంతలు. వాటిని పట్టి ఉంచే రేకు ఒకచోట చీలింది. చాచా దాన్ని నా అరచేతిలో పెట్టాడు.

"ఇంకో వంద కిలోమీటర్లు పోతుండెనేమో, పోకపోతుండెనేమో. పట్టేస్తే చక్రం హబ్బుతో సహా ఊడొస్తది."

కూటాల మైదానం మా ఊరికి తొంభై కిలోమీటర్లు.

లోపలిదీ బయటదీ రెండు బేరింగులు, సీలు, గ్రీజు, కూలీ కలిపి ఐదు వేల పైచిలుకు అయ్యింది. నట్టు గట్టిగా బిగించి, మళ్లీ కాస్త వదులు చేసి, చక్రం ఊగకుండా, పట్టకుండా తిరిగేదాకా చాచా మూడుసార్లు సరిచూశాడు. అది జరుగుతుండగా నేను తమ్ముణ్ణి పక్కకు పిలిచి, "నడుపుకో అన్నది నా నోరే. నాకు తెలియని విషయంలో చెప్పాను. తప్పు నాది" అన్నాను. అతను తల వంచుకుని, "మీరన్నరని నడుపలే అయ్యగారూ. పైసల్లేక నడిపిన. మీ మాట ఆసరా దొరికింది" అన్నాడు. ఇది మొదటిదానికంటే బరువుగా తగిలింది.

శుక్రవారం అందరం బస్సులో వెళ్లాం. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో టికెట్టే లేదు. మరి బండెందుకు మాట్లాడానంటే, ఇంటి ముందుకు వస్తుందని, అంతే.

ఆ రోజు తిరుగు దారిలో ఘట్‌కేసర్ దాటేదాకా ఇద్దరం మాట్లాడలేదు, వింటున్నాం. యాభై, అరవై. ఏ మూలుగూ లేదు. బీబీనగర్ దగ్గర టిక్ టిక్ అని ఏదో మొదలైంది. తమ్ముడు నా వైపు చూశాడు. నేను ఏమీ అనలేదు. బండి పక్కకు ఆపాడు, ఇద్దరం దిగి వెనక్కి నడిచాం. వెనక డోరు గొలుసు కొక్కెం ఊడి రేకుకు కొట్టుకుంటోంది.